అమెరికాలో ఇంటి రక్షణకు మొదటి పిస్టల్: తుపాకీ అంటేనే బెరుకున్నవారు ఏది కొనాలి?

ముందు మీ వీసా చూసుకోండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాలవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉంటే కొనవచ్చు. డీలరు దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి.

చిన్నదైతే సులువనుకుని చాలామంది పొరపడతారు. ఒకే తూటాకు తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. ఆ దెబ్బకు జంకి, పేలకముందే చెయ్యి బిగుసుకుంటుంది, గురి కిందికి పోతుంది. అందుకే మరీ చిన్నదీ మరీ పెద్దదీ కాని గ్లాక్ 19 పిస్టల్ సైజులో, 9 ఎంఎం తూటాలు వాడేది తీసుకోండి. స్లైడు (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం) లాగే బలం చాలకపోతే స్మిత్ అండ్ వెసన్ కంపెనీ షీల్డ్ ఈజెడ్ పిస్టల్ చూడండి. కాల్చేటప్పుడు మణికట్టు బిగించకుండా వదులుగా ఉంచితే స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లక తూటా ఇరుక్కుంటుంది. అది తుపాకీ లోపం కాదు.

కొనేముందు షూటింగ్ రేంజిలో రెండు మూడు రకాలు అద్దెకు తీసుకుని, ఒక్కోదానితో 50 తూటాలు కాల్చండి. ఇయర్‌ప్లగ్గుల మీద ఇయర్‌మఫ్‌లు కూడా పెట్టుకోండి, బెరుకులో చాలా భాగం శబ్దం వల్లే. ఇంట్లోకి హాలో పాయింట్ తూటాలు (మొన బోలుగా ఉండి, తగలగానే విచ్చుకునేవి) మేలు, కానీ అవీ ఇంటి లోపలి పలుచని గోడలకు వాడే డ్రైవాల్‌ను చీల్చుకుపోతాయి. గోడ అవతల ఎవరు పడుకుంటారో చూసుకోండి. పిల్లలుంటే తాళం పెట్టె ముందు, తుపాకీ తర్వాత.