క్రౌన్‌కి వేరు, గేర్‌బాక్స్‌కి వేరు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొన్నావని, టమాటా లోడుతో మదనపల్లె నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి తిప్పుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. పాత ఓనరు ఏ ఆయిల్ పోశాడో మనకు తెలీదు కాబట్టి గేర్‌బాక్స్‌లోదీ, వెనక ఇరుసు మీది క్రౌన్ ఉండే హౌసింగ్‌లోదీ మొత్తం దించేసి కొత్తది పోయించు. "రెండూ 80డబ్ల్యూ-90యే కదన్నా, ఒకే డబ్బా పోసేద్దాం" అని షెడ్డులో ఎవడో ఒకడు అంటాడు. వద్దను.

ఆ అంకెలు చెప్పేది చిక్కదనం ఒక్కటే. నువ్వు చూడాల్సింది డబ్బా మీద జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా అని. అది ఆయిల్‌లో కలిపిన మందుల తరగతి. హౌసింగ్‌లో పీనియన్ అనే చిన్న పళ్లచక్రం, అది తిప్పే క్రౌన్ అనే పెద్ద చక్రానికి సరిగ్గా నడిమధ్య కాకుండా కాస్త పక్కకు తప్పి ఉంటుంది. అందుకని పళ్లు దొర్లడంతో పాటు ఒకదాన్నొకటి రాసుకుంటూ జారతాయి. పైన లోడు, ముందు ఘాట్. ఉత్త నూనె పొర ఆ నలుగుడుకి ఆగదు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ వేసేది అందుకే. హౌసింగ్‌కి అదే కావాలి.

గేర్‌బాక్స్‌లో గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రనైజర్ రింగులు చాలా బళ్లకి ఇత్తడివి. అవి కాస్త పట్టుకుంటేనే గేరు మెత్తగా పడుతుంది. జారుడు ఎక్కువైతే పట్టు దొరకదు, పైగా కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని మందు ఇత్తడినే తినేస్తుంది. నా పాత బండికి ఒక మెకానిక్ రెండింట్లోనూ జీఎల్-5 పోస్తే, ఇంకో డబ్బా ఖర్చు తప్పిందని నేనూ మురిసిపోయాను. కొన్నాళ్లకి మూడు నుంచి రెండుకి దించినప్పుడల్లా కర్రుమని అరుపు. ఆయిల్ దించి ఎండలో పెట్టి చూస్తే అడుగున బంగారు రజనులా తళతళ. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. రింగుల ఇత్తడంతా అక్కడ తేలింది! గేర్‌బాక్స్ దించాల్సొచ్చింది.

అందుకే గేర్‌బాక్స్‌కి మామూలుగా జీఎల్-4. కొన్ని బళ్లకి అక్కడ వేరే గ్రేడు అడుగుతారు, కాబట్టి బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదే ఖాయం. పుస్తకం పోయి ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో మోడల్, సంవత్సరం చెప్పి అడుగు.

దించేముందు ఓ పది కిలోమీటర్లు తిప్పి, చదునైన చోట ఆపు. ముందు పైన నింపే బోల్టు విప్పించు. కింది బోల్టు విప్పి ఆయిలంతా కార్చేశాక, పైది తుప్పు పట్టి రాలేదనుకో, బండి అక్కడే కూర్చుంటుంది. కింది బోల్టుకుండే అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు అంటుకోవడం మామూలే, టెన్షన్ పడకు. గేరు పంటి ముక్కలు కనబడితే మాత్రం విప్పించాల్సిందే. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టు. నింపే రంధ్రం అంచుదాకా వచ్చి కారేదాకా పోస్తే చాలు. హౌసింగ్ మీద గాలి ఆడే బ్రీదర్‌లో మట్టి ఉంటే ఊదించు, అది మూసుకుపోతే సీళ్ల దగ్గర కారుతుంది.

డబ్బాలు కొన్నాక మూత తీయకుండా వెనకవైపు లేబుల్ ఫోటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న