ఉకుషిమా ఉక్కు ఓడ కాదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఆ తల్లి ఫోన్ పక్కనే కూర్చుని, కంచంలో అన్నం చల్లారిపోయినా కదలకపోవడం బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ "ఎర్రగా కాలిన ఉక్కు గోడలు" దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది.

నువ్వు రాసింది జపాన్ నౌకాదళం ఓడ ఉకుషిమా గురించి. 2024 నవంబరు 10న ఫుకుఓకా జిల్లా ఓషిమా దగ్గర ఇంజిన్ రూంలో మంటలంటుకుని, మర్నాటికి తిరగబడి మునిగిపోయింది. ఒక నావికుడు బయటికి రాలేదు. సుగషిమా తరగతి మైన్‌స్వీపర్ అది, అంటే ఓడల్ని పేల్చడానికి సముద్రంలో పెట్టే మైన్లనే బాంబుల్ని తీసేసే ఓడ, 510 టన్నులు, బాడీ అంతా చెక్క. చెక్క, తమ్ముడూ!

ఎందుకు చెక్క అని ఒక్కసారైనా అడిగావా? సముద్రం అడుగున పడి ఉన్న మైన్ ఇనుము కోసం కాచుకుని ఉంటుంది. ఉక్కు ఓడ పైనుంచి వెళ్తే అక్కడి అయస్కాంత క్షేత్రం కాస్త మారుతుంది, పేలడానికి ఆ కాస్త చాలు. అందుకే బాడీకి చెక్క వాడారు, ఇంజిన్ కూడా అయస్కాంతానికి అంటని లోహాలతో చేశారు. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిశాక జపాన్ పంపిన నాలుగు మైన్‌స్వీపర్లూ చెక్కవే, ఒక్కోటి ఐదొందల టన్నులు కూడా ఉండదు, అవి అంత దూరం వెళ్లి 34 మైన్లు తీసేశాయి. మైన్ నుంచి కాపాడే చెక్కకే నిప్పంటుకుంటే లోపలున్న మనిషికి ఏమనిపిస్తుంది? నీ కథంతా అక్కడుంటే నువ్వు సూర్యాస్తమయం మీద పేజీన్నర రాశావు.

నేను ముప్పై ఏళ్ల కిందట తాళ్లరేవులో పడవలు కట్టే వడ్రంగుల మీద కథ రాశాను. పదకొండు రోజులు అక్కడే ఉండి, పలకల సందుల్లో పత్తి ఎలా కూరుతారో, ఏ చెక్క మీద సుత్తి పడితే ఏ చప్పుడొస్తుందో చెవిని పెట్టి నేర్చుకున్నాను. ఒక ఎడిటర్ ఆ రెండు పేజీలూ కొట్టేసి "పాఠకుడికి వడ్రంగం ఎందుకండీ, ఎమోషన్ కావాలి" అన్నాడు. కొడుకు పని వదిలేసి వెళ్లిపోతే తండ్రి ఏడ్చాడన్న వాక్యం మిగిలింది, ఆ పని ఏమిటో తెలియని పాఠకుడికి ఆ ఏడుపు ఎలా తగులుతుంది? ఆ కథని ఇప్పటికీ ఏ సంకలనంలోనూ వెయ్యనివ్వను.

జపాన్‌లోనూ చెక్క ఓడలు కట్టగల చేతులు తగ్గిపోయాయి. 2012లో నౌకాదళంలో చేరిన ఎనోషిమా అనే మైన్‌స్వీపర్ని గాజుపీచు కలిపిన ప్లాస్టిక్‌తో కట్టారు, అది చెక్క కంటే ఎక్కువ కాలం మన్నుతుంది కూడా. అంటే నీ కథలో కుర్రాడు చివరి చెక్క ఓడల్లో ఒకదాని మీద పనిచేశాడు. ఇది నువ్వు ఎక్కడా రాయలేదు.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు మళ్లీ రాసి పంపు. అతను మొదటి రోజు ఓడెక్కి, పెయింటు వేసిన గోడ మీద చెయ్యి ఆనించినప్పుడు చేతికి ఏం తెలిసిందో అక్కణ్ణించి మొదలుపెట్టు.

మీ అన్న