గేటుకు నోటీసు అంటించొచ్చా?

ప్రశ్న: 2020లో కరోనా అప్పుడు మా తమ్ముడు దుబాయ్ నుంచి వస్తే చేతి మీద ముద్ర వేసి 14 రోజులు గడప దాటొద్దన్నారు. గేటుకు నోటీసు అంటిస్తే పాలబ్బాయి కూడా రావడం మానేశాడు. జబ్బే లేని మనిషిని అట్లా బంధించొచ్చా?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఇంట్లో ఉంచొచ్చమ్మా. తిరిగే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిందే గానీ, ప్రజల మేలు కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా అందులోనే ఉంది, పైగా బొంబాయి ప్లేగు రోజుల్లో తెచ్చిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉండనే ఉంది (అందులో అధికారులకే అధికారాలు, మన హక్కుల ఊసే లేదు, అది వేరే సంగతి). జబ్బు లేదని ఆ రోజు ఎవరికి తెలుసు? లక్షణాలు బయటపడటానికే 14 రోజుల దాకా పట్టొచ్చు.

నోటీసు మాత్రం నాకూ నచ్చలేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద సంబంధిత అధికారి ఆదేశిస్తే తప్ప కరోనా రోగుల ఇళ్లకైనా అట్లా అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది.