కరణమా, మొగ్గా?

సందేహం: మా పెరంబూరులో గాలిలో తలకిందులయ్యే పావురాలను ‘కర్ణపురా’ అంటారు. ‘పావురాలకు తర్ఫీదు ఇచ్చి కరణాలు కొట్టిస్తారు’ అని మా అబ్బాయి వ్యాసంలో రాశాడు. కరణం తమిళం, పల్టీ అనాలని ఒకరు దిద్దారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: కరణం సంస్కృతమేనమ్మా. నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాలు చిదంబరం గోపురాల మీద శిల్పాలై ఉన్నాయి. ఒంటిని వంచి తిప్పే ఆ విన్యాసం పేరే తమిళంలో ‘కుట్టిక్కరణం’గా పిల్లల ఆటకూ, ‘కర్ణపురా’గా పక్షికీ అందింది. తెలుగులో ఆ అర్థం నాట్యం దాటి రాలేదు. మనకు కరణమంటే ఊరి లెక్కలు రాసేవాడు, లేదా పంచాంగంలో అయిదో అంగం. ‘కరణం కొట్టింది’ అంటే నెల్లూరు దాటాక అర్థం కాదు.

పల్టీ తప్పు కాదు. కానీ లారీ పల్టీ కొట్టిందంటే బోల్తా పడి అక్కడే ఉందని. పావురం పూర్తి చుట్టు తిరిగి, రెక్కలు నిలదొక్కుకుని మళ్లీ ఎగురుతుంది. దానికి మన మాట మొగ్గ: దొమ్మరి మొగ్గలు, పిల్లిమొగ్గలు. పిల్లలు పిల్లిమొగ్గ ముందుకు వేస్తారు. పావురం రెక్కలు పైకెత్తి, తోక విప్పి, తల వెనక్కి విసిరి తిరుగుతుంది. కనుక ‘వెనకమొగ్గ’ అంటే చూసినట్టే ఉంటుంది. బర్మింగ్‌హామ్ రోలర్ జాతి పావురం మొగ్గలు ఒకదాని వెంట ఒకటి ఆపకుండా వేస్తూ బంతిలా దిగుతుంది, అవి వరసమొగ్గలు. లోటన్ జాతిని కాస్త కుదిపి నేల మీద వదిలితే అక్కడే దొర్లుతుంది. హిందీలో లోట్నా అంటే పొర్లడమే కాబట్టి దాన్ని ‘పొర్లు పావురం’ అనవచ్చు.

పావురాల ఆటను అక్బరు ‘ఇష్క్‌బాజీ’, ప్రేమాట, అన్నాడని ఐనె అక్బరీలో ఉంది. తెలంగాణలో ‘పావురం’ అంటే ప్రేమ. మాటల పుట్టుకలు వేరైనా ఈ కలయిక నాకు ఎంతో ఇష్టం.

ఆ వాక్యంలో అసలు దిద్దాల్సింది ‘కొట్టిస్తారు’లోని ‘ఇంచు’. అది ప్రేరణార్థకం, పని చేయించేవాడు ఒకడున్నాడని చెబుతుంది. మొగ్గ వేయడం ఎవరూ నేర్పేది కాదు, పుట్టుకతో వచ్చే గుణం. మరో పావురం మొగ్గ వేయగా ఎన్నడూ చూడని పిల్లలు కూడా వేస్తాయని, తాను కళ్లారా చూశానని డార్విన్ 1859లోనే రాశాడు. మొదట అవి వాలేముందు తోక మీద వెనక్కి ఒరుగుతాయి, తర్వాత సగం తిరుగుతాయి, ఆపైన పూర్తి మొగ్గ. పెంచేవాడు చేసేది జత ఎంచడం, వేళకు ఎగరేయడం. మరీ ఎక్కువగా దొర్లే వాటినే జతకడుతూ పోతే పిల్లలు మొగ్గ ఆపుకోలేక డాబాకో నేలకో కొట్టుకుంటాయి.

‘తర్ఫీదు’ చక్కగా అతికేది హోమర్‌కు, అంటే దూరాన వదిలినా గూటికి తిరిగొచ్చే జాతి పావురానికి. ఇల్లు చేరాలనే తపన దానికి సహజమే, కానీ దూరం అలవాటు చేయాలి. ముందు గూటి చుట్టుపక్కలను చూడనిస్తారు. తర్వాత ఆకలి మీద బుట్టలో తీసుకెళ్లి 2 కిలోమీటర్ల నుంచి, ఆపైన 5, 10, 20 నుంచి వదులుతారు. మేత తిని బరువెక్కిన పక్షి దారిలో ఏ చెట్టునో వాలిపోతుంది. ఒక్కసారిగా చాలా దూరం నుంచి వదిలితే తప్పిపోవచ్చు.

మీ అబ్బాయి ఇలా రాయవచ్చు: ‘మా వీధిలో కర్ణపురాలను ఎగరేస్తారు. అవి గాలిలో వెనకమొగ్గలు వేస్తాయి. హోమర్లకు మాత్రం తర్ఫీదు ఇస్తారు.’ కర్ణపురా ఆ ఊరి పక్షి పేరు, దాన్ని అలాగే ఉంచండి.