పెద్దమ్మ కథ రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మీ పెద్దమ్మ గురించి రాయాలని నీకు అనిపించినందుకే ఎంతో సంతోషించాను. కానీ మూడు పేజీల్లో ‘త్యాగమూర్తి’ అనే మాట ఐదుసార్లు వచ్చింది నాయనా. ఆ మాట పడ్డ ప్రతిచోటా పెద్దమ్మ కనపడకుండా పోయింది.

నేనూ తొలిచూలు పిల్లనే. నా వెనక ముగ్గురు. ‘పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి’ అనే మాట ఊహ తెలిసినప్పటినుంచీ వింటూనే ఉన్నాను. అయినా నేను పెద్దదాన్నయింది దానివల్ల కాదు. తొమ్మిదో తరగతిలో ఒక రాత్రి నాన్న నన్ను అరుగు మీదికి పిలిచి, అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయని చెప్పాడు. చిన్నవాళ్లకు తెలియనివ్వద్దన్నాడు. మర్నాడు తమ్ముడు చెప్పులకోసం పేచీ పెడితే వాణ్ణి కొట్టాను. ఎందుకు కొట్టానో వాడికి ఇప్పటికీ తెలియదు. మీ పెద్దమ్మకూ అలాంటి రాత్రి ఉండే ఉంటుంది. వెళ్లి అడుగు. ఆమె ఎవరినైనా కొట్టి ఉంటే అదీ రాయి.

పెళ్లి జ్యేష్ఠమాసంలో పెట్టావు. తొలి సంతానానికి ఆ నెలలో పెళ్లి చాలా ఇళ్లలో చెయ్యరు. వైశాఖానికి మార్చు.

అసలు సంగతి పొలం దగ్గరుంది. పెద్దమ్మ పెళ్లి 1984లో, తాతల నాటి పొలం పంపకం 1987లో అన్నావు. ‘అన్నదమ్ములు వాటా ఇవ్వలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు అది వర్తించలేదు. ఆ తేడా 2005లో కేంద్రం చేసిన సవరణతో గానీ పోలేదు, అప్పుడు కూడా పాత పంపకాలను తిరగదోడలేదు. మీ అమ్మకి 1985 నాటికి పెళ్లి కాలేదని నువ్వే రాశావు. అంటే చెల్లెలికి హక్కుంది, అక్కకు లేదు. పెద్దది కనక ముందు పెళ్లయింది, ముందు పెళ్లయింది కనక వాటా పోయింది. ఇంటి బరువంతా మోసిన పిల్లకి ఇలా జరిగిందే అని నా మనసు ఇంకా కుదుటపడలేదు.

అక్కచెల్లెళ్లు దీని గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? మేనమామల మీద కోపం కాస్త పక్కన పెట్టి, పంపకాల కాగితాలు ఇంట్లో ఉంటే తీసి చదువు. సంతకాల్లో మీ అమ్మ పేరుందో లేదో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ