ఎన్నారై సందేహాలు: నవంబరు వానలో బండికి ఏ టైరు?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. గది యూనివర్సిటీకి దూరం కావడంతో సెకండ్ హ్యాండ్‌లో యమహా వైబీఆర్ 125 కొన్నాను. సీబీటీ (కొత్తవాళ్ళు రోడ్డెక్కే ముందు చేయాల్సిన ట్రైనింగు) అయింది, ఇంకా నేర్చుకుంటున్నవాడినని చెప్పే ఎల్ ప్లేట్లు పెట్టుకుని తిరుగుతున్నాను. చలికాలమంతా బండి మీదే వెళ్ళాలి. వెనక టైరు అమ్మినాయనే కొత్తది వేయించి ఇచ్చాడు. ముందుది బాగానే ఉంది, బటన్లు నిండుగా ఉన్నాయి. మ్యూనిక్‌లో ఉన్న ఫ్రెండు మాత్రం వింటర్ టైర్లు లేకపోతే ఫైన్ వేస్తారని భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు మ్యూనిక్ సంగతి తేల్చేద్దాం. మీవాడు చెప్పింది అక్కడి కార్లకు నిజం. మంచు పడ్డ రోడ్ల మీద వింటర్ టైర్లు తప్పనిసరన్న రూలు నుంచి టూ వీలర్లను జర్మనీ 2017లో మినహాయించింది. బ్రిటన్‌లో కార్లకే అలాంటి రూలు లేదు. వింటర్ టైర్లని వెతికితే స్కూటర్లకు మిషెలిన్ సిటీ గ్రిప్ వింటర్ లాంటివి కనిపిస్తాయి. నీ బండివి 18 అంగుళాల చక్రాలు, వాటి కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. రోడ్డు మీద ఐసు ఉన్న రోజున రెండు చక్రాల బండిని ఏ టైరూ నిలబెట్టదు. ఆ రోజుకు బస్సు ఉంది.

నాకు దిగులంతా నీ ముందు టైరు గురించి. 'బటన్లు నిండుగా ఉన్నాయి' అన్నావు చూడు, ఆ మాట దగ్గరే మనవాళ్ళం ఇక్కడ దెబ్బ తినేది. మన ఊళ్ళో బండి రోజూ తిరుగుతుంది. ఎండకు, గతుకులకు, ముగ్గురేసి ఎక్కే బరువుకు టైరు పాతబడే లోపే గుండైపోతుంది. అందుకే వంగి బటన్లు చూసి టైరు బాగుందో లేదో చెప్పేస్తాం. ఇక్కడ కథ తిరగబడుతుంది. చాలా బళ్ళు ఏడాదిలో సగం రోజులు షెడ్డులోనే పడుకుంటాయి. పదేళ్ళ బండి అయిదారువేల మైళ్ళు తిరిగి ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన టైరే ఉంటుంది, చూపుకు కొత్తదానిలా. రబ్బరు మాత్రం లోపల గట్టిపడి ఉంటుంది.

ఇది నాకు 2008లో తెలిసొచ్చింది. నేనూ అలాగే బటన్లు చూసి మురిసిపోయి ఒక పాత 500 సీసీ బండి కొన్నాను. లీడ్స్ దగ్గర ఒక రౌండబౌట్. సన్నటి తుంపర. స్పీడు ఇరవై మైళ్ళు కూడా లేదు. మ్యాన్‌హోల్ మూత మీదికి వెళ్ళీ వెళ్ళగానే ముందు చక్రం కిందనుంచి ఎవరో లాగేసినట్టు పోయింది. క్లచ్ లివర్ విరిగింది, మోచేయి చీరుకుంది, వెనక కారులోని పెద్దావిడ దిగొచ్చి టీ తాగుతావా అని అడిగింది. బండి చూసిన మెకానిక్ ఒక్క మాటా అనకుండా బొటనవేలి గోరు టైరులోకి నొక్కాడు. గోరు దిగలేదు. పక్కనున్న కొత్త టైరులోకి నొక్కమన్నాడు. గోటి గుర్తు పడింది.

రోడ్డు నున్నగా కనిపిస్తుంది గానీ దగ్గరగా చూస్తే గరుకు. రబ్బరు మెత్తగా ఉండి ఆ గరుకులోకి దిగితేనే పట్టు. చలికి రబ్బరు బిగుస్తుంది. మన వేసవికి తగ్గట్టు వేడికి, మైలేజీకి చేసిన గట్టి రబ్బరయితే అయిదారు డిగ్రీల చలిలో మరీ బిగుసుకుంటుంది. అందుకే ఇక్కడి రోడ్లకు పనికొచ్చే టైర్ల రబ్బరులో సిలికా కలుపుతారు. చలిలోనూ తడిలోనూ దానికి కాస్త సాగే గుణం మిగులుతుంది. గాడుల పని వేరు, అవి నీళ్ళను పక్కకు నెట్టి రబ్బరుకు దారి ఇస్తాయి. దారి ఇచ్చినా రబ్బరు చచ్చిపోయి ఉంటే ఏం లాభం?

టైరు వయసు దాని పక్క గోడ మీదే రాసి ఉంటుంది. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడు. 3419 అని ఉంటే 2019లో 34వ వారంలో తయారైందని. కొన్నిసార్లు ఒక పక్క పూర్తిగా ఉండదు, రెండో పక్కకు వెళ్ళి చూడాలి. ఏడాది పొడుగునా నడిపే బండికి అయిదారేళ్ళు దాటిన టైరును, బటన్లు ఎంత నిండుగా ఉన్నా, నేను ఉంచను. పక్క గోడ మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తే వయసు లెక్క కూడా అక్కర్లేదు.

కొనేటప్పుడు మొదట సైజు. నీ వెనక టైరు మీద 90/90-18 57పి లాంటిది ఉండాలి. 90 మిల్లీమీటర్ల వెడల్పు, ఎత్తు అందులో 90 శాతం, 18 అంగుళాల రిమ్ము. 57 అంటే 230 కిలోల బరువు మోస్తుందని, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా అని. ముందుది 2.75-18, పాత అంగుళాల లెక్క. వెడల్పు టైరు వేస్తే బండికి లుక్కు వస్తుందని మనకో పిచ్చి ఉంది. ఇక్కడ అది బండిని మార్చడం కిందికి వస్తుంది. ఇన్సూరెన్సువాళ్ళకు చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ. పైగా సన్నటి టైరు నిలవ నీటిని బాగా కోస్తుంది, నీ 125కి అదే మేలు.

రకం సంగతికొస్తే, చిన్న బళ్ళకు రోజువారీ వాడకం టైర్లని ఒక వరస ఉంటుంది: మిషెలిన్ పైలట్ స్ట్రీట్ 2, సిటీ ఎక్స్‌ట్రా, పిరెల్లీ ఏంజెల్ సిటీ. వీటిలో నీ సైజులో ఏది దొరికితే అది, కొత్త తేదీది. రేపు ఫుల్ లైసెన్స్ వచ్చి పెద్ద బండి కొంటే స్పోర్ట్ టూరింగ్ అనే తరగతి చూడు. మిషెలిన్ రోడ్ 6, మెట్జెలర్ రోడ్‌టెక్ 02, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2 ఆ కోవలోవి. వీటిలో చాలావాటికి వెనక టైరు నడిమి భాగంలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్త రబ్బరు వేస్తారు. తిన్నగా పోయే మోటర్‌వే మీద నడుమ అరిగి చదునైపోతుంది కాబట్టి. అలా చదునైన టైరుతో మలుపులో బండి వాలుతుంటే మెట్టు దిగినట్టు ఉంటుంది. రేసు బళ్ళ టైర్ల జోలికి మాత్రం పోకు. అవి వేడెక్కితేనే పట్టేది, జనవరి పొద్దున నాలుగు మైళ్ళ ప్రయాణంలో వాటికి వేడి ఎక్కడిది?

చట్టం చెప్పేది తక్కువే. 50 సీసీ దాటిన బండికి టైరు వెడల్పులో నాలుగింట మూడొంతుల మేర, చుట్టూతా, కనీసం 1 మిల్లీమీటరు లోతు గాడులుండాలి. మిగతా వంతులోనూ గాడి కనిపించాలి. కారుకు 1.6 కాబట్టి ఇది మరీ ఉదారం. తప్పితే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా ఫైను, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు. కొత్తగా టెస్టు పాసైనవాళ్ళకు రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. రెండు గుండు టైర్లు చాలన్నమాట. నా పద్ధతి ఏమిటంటే, అక్టోబరులో చూసి 2 మిల్లీమీటర్లే మిగిలితే అప్పుడే మార్చేస్తాను. 'ఈ చలికాలం పాతవాటితో గడిపేసి ఎండాకాలానికి కొత్తవి వేద్దాం' అనేవాళ్ళున్నారు. గొడుగు వానాకాలం అయ్యాక కొన్నట్టు ఉంటుంది.

పార్ట్ వోర్న్ అని ముద్ర వేసిన వాడేసిన టైర్లు చవగ్గా దొరుకుతాయి. అమ్మడం చట్టబద్ధమే. నేను మాత్రం బండికి కొనను, అది ఎవరి పంక్చరో, ఎన్నేళ్ళదో. డబ్బు మిగుల్చుకోవాలంటే చక్రం నువ్వే విప్పి షాపుకు పట్టుకెళ్ళు, బిగింపు కూలీ తగ్గుతుంది. పక్క గోడ మీది బాణం చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో తెచ్చుకునే ముందే చూసుకో. కొత్త టైరు మొదటి వంద మైళ్ళు జారుడుగా ఉంటుంది. ఆ పైపొర పోయేదాకా వంపుల్లో మెల్లిగా, బ్రేకు మెత్తగా.

గాలి సంగతి మరిచిపోకు. మన బంకులో కుర్రాడు వచ్చి కొట్టి పోతాడు. ఇక్కడ మిషన్లో డబ్బులేసి మనమే కొట్టుకోవాలి, అందుకే నెలల తరబడి ఎవరూ చూడరు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే గాలి ఒకటిన్నర పీఎస్ఐ దాకా తగ్గుతుంది. సెప్టెంబరులో సరిగ్గా కొట్టించిన టైరు డిసెంబరుకు దానంతటదే మెత్తబడి ఉంటుంది. చిన్న గేజీ ఒకటి కొనుక్కుని, వారానికోసారి బండి తీయకముందు చల్లగా ఉన్నప్పుడే చూడు. తడి రోడ్డు కదా అని గాలి తగ్గించడం మన దగ్గర బురదలో చేసే పని, ఇక్కడ తారు మీద వద్దు.

షెఫీల్డ్ అంటే గుట్టలు. దిగుడులో, రాలిన తడి ఆకుల మీద, తారు అతుకుల మీద, లారీలు తిరిగే రౌండబౌట్లలో ఒలికిన డీజిలు మీద ఏ టైరుకైనా నమ్మకం సగమే పెట్టు. మన దగ్గరలాగే ఎడమ పక్కన నడపడం కాబట్టి అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, అదే మోసం. ఉష్ణోగ్రత 3 డిగ్రీల లోపుంటే నేను బండి తీయను. స్నేక్ పాస్ కొండదారి వైపు షికార్లు ఏప్రిల్‌కు దాచుకో.

నువ్వు అడగలేదు గానీ, ఎల్ ప్లేట్ల మీద వెనకాల ఎవరినీ ఎక్కించుకోకూడదు, రూమ్మేటునైనా సరే. బండి ఉంది కదా అని ఫుడ్ డెలివరీ మొదలుపెట్టావనుకో, స్టూడెంట్ వీసా మీద సొంతంగా పని చేయడానికి వీల్లేదు. ఆ డెలివరీ పని చాలావరకు ఆ కోవలోకే వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ముందు టైరు మీది నాలుగంకెలు చూసి నాకు రాయి. 'కొత్తది' అని చెప్పిన వెనకదానివి కూడా. కాలేజీ నుంచి వచ్చాక చూద్దామనుకుంటే టార్చి పట్టుకెళ్ళు, మీకిప్పుడు నాలుగింటికే చీకటి.