విండోస్ 11కు మారాక సి డ్రైవ్ నిండిపోతే ముందుగా ఏం చూడాలి?

విండోస్ 10 నుంచి 11కు మారిన మర్నాటి నుంచే సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోందనీ, డి డ్రైవ్ అసలు కనిపించడం లేదనీ, విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తీసేయాలా లేక మొత్తం ఫార్మాట్ చేయించాలా అనీ మీరు అడిగారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఫార్మాట్ అవసరం కనిపించడం లేదు. ఎవరు చేయించమన్నా, మీ ఫైళ్లు వేరొక డిస్కులో తెరుచుకుంటున్నాయని స్వయంగా చూసుకునేదాకా ఒప్పుకోకండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం వల్ల, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా బావగారు నడిపే డీటీపీ దుకాణంలోని కంప్యూటర్‌ను కూడా 11కు మార్చాం. ఈ రెండు ఇబ్బందులూ అక్కడ ఎదురయ్యాయి. అందులో విండోస్ ఉన్నది 128 జీబీ ఎస్ఎస్‌డీలో, అంటే వేగంగా పనిచేసే చిప్‌ల డిస్కులో. విండోస్ లెక్కలో అది సుమారు 119 జీబీగానే కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు పాత విండోస్‌ను విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి జరిపి కొత్తదాన్ని ఎక్కిస్తుంది కనుక, కొన్నాళ్లపాటు ఒకే డిస్కు రెండు విండోస్‌ల బరువు మోయవలసి వస్తుంది. ఇది లోపం కాదు, నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి ఉంచిన దారి. మామూలుగా 10 రోజుల తర్వాత విండోస్ దాన్ని తానే తొలగిస్తుంది.

అందుచేత తొందరపడి తీసేయకుండా, ముందు మీ పని సాధనాలన్నీ కొత్త విండోస్‌లో నడుస్తున్నాయో లేదో చూసుకోండి. శుభలేఖలు కంపోజ్ చేసే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ రెండూ సరిగా పనిచేస్తున్నాయని తేలాకే మేము ఆ ఫోల్డర్ జోలికి వెళ్లాం, ఎందుకంటే అది పోతే వెనక్కి వెళ్లే అవకాశం కూడా పోతుంది. మరో సంగతి: అప్‌గ్రేడ్ సమయంలో ఏమీ ఉంచవద్దనే ఎంపిక నొక్కి ఉంటే, మీ ఫొటోలూ పత్రాలూ విండోస్.ఓల్డ్ లోపల యూజర్స్ అనే ఫోల్డర్‌లో ఉండిపోతాయి. వాటిని ముందు బయటికి కాపీ చేసుకోండి.

తీసేయడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లి, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ అన్న గడిలో టిక్కు పెట్టండి. ఆ ఫోల్డర్‌ను మామూలుగా డిలీట్ చేయబోతే అనుమతులు అడ్డుపడి సగం పోయి సగం మిగులుతుంది. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది. దాని మీద మాత్రం టిక్కు పెట్టకండి. పిల్లల హాల్‌టికెట్లు, మీసేవ సర్టిఫికెట్లు, కస్టమర్లు పంపిన ఫొటోలు చాలామందికి అక్కడే ఉంటాయి. విండోస్ తన సొంత భాగాలను దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ (WinSxS) అనే ఫోల్డర్ ఎంత పెద్దదిగా కనిపించినా చేత్తో తీయకూడదు, తీస్తే విండోసే దెబ్బతింటుంది.

డి డ్రైవ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దుకాణంలో పాత డిజైన్లన్నీ ఉన్న రెండో హార్డ్‌డిస్కు దిస్ పీసీలో మాయమైనప్పుడు మా బావగారు అన్నం కూడా తినలేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, ఆ భాగం ఎన్‌టీఎఫ్ఎస్‌గా (విండోస్ ఫైళ్లను అమర్చుకునే పద్ధతి), హెల్దీగానే ఉంది. పేరుకు ముందుండే అక్షరం మాత్రం లేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్‌లో డి అని ఇవ్వగానే ఫైళ్లన్నీ యథాతథంగా కనిపించాయి. మీ దగ్గర అక్కడ ఎన్‌టీఎఫ్ఎస్ బదులు RAW అని, అంటే ఫైళ్ల అమరికను విండోస్ గుర్తించలేకపోతోందని కనిపిస్తే, లేదా డిస్కును ఫార్మాట్ చేయాలంటూ విండోస్ అడిగితే, క్యాన్సిల్ నొక్కి ఆపేయండి. ఆ స్థితిలో డిస్కు లోపాలు సరిచేసే చెక్‌డిస్క్ కూడా నడపకుండా, ముందు డేటాను బయటికి తీసే ప్రయత్నం చేయాలి. అసలు డిస్కే కనిపించకపోతే, కంప్యూటర్ ఆపి, కేబుల్ వదులైందేమో చూడండి.

పార్టిషన్ల (సి, డి లాంటి డిస్కు భాగాల) పరిమాణం మార్చాలనుకుంటే మాత్రం అంతకుముందే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెర ఫొటో ఇక్కడ పెడితే, మీ డి డ్రైవ్ ఏ స్థితిలో ఉందో చూసి తర్వాతి అడుగు చెబుతాను.